మూడు మారులు లెక్కింపబడిన ఎన్నిక

సంతలో ధాన్యమమ్మిన రైతు తన చేతికి వచ్చిన పైకమును అక్కడనే నిలిచి లెక్కించుకొనును. లెక్క సరిపోయినచో సొమ్మును మొలలో దోపుకొని యింటిదారి పట్టును. ఏమాత్రము తేడా తోచినను మరల లెక్కించును. అప్పటికిని అనుమానము తీరనిచో ప్రక్కనున్న వానిని పిలిచి వానిచేతను లెక్కింపజేయును. ఇందులో రైతు సిగ్గుపడవలసినది లేదు. ధాన్యము కొన్నవాడు కోపగింపవలసినదియు లేదు.

ఓట్ల లెక్కయు ఇట్టిదే. అయితే ఇచ్చట లెక్కకు వచ్చునది ఒకరి సొమ్ము కాదు, లక్షలాది ప్రజల నిర్ణయము. లెక్కించుటకు వేలకొలది మనుష్యులు కావలెను. మరల లెక్కింపవలెనన్నచో దినములు గడచును, ధనము వ్యయమగును. ఆ వ్యయమును భరింపవలసినవారెవరు? మరల లెక్కింపుమని యడిగిన అభ్యర్థియా? లేక ప్రజలందరును కలిసియా? ఈ ప్రశ్న చిన్నదిగా కనిపించును. కాని దీనికి చెప్పు సమాధానమును బట్టియే ఓడినవాడు ఫలితమును నమ్ముటయో నమ్మకపోవుటయో యుండును.

అమెరికా సంయుక్త రాష్ట్రములలోని వాషింగ్టను రాష్ట్రమున 2004వ సంవత్సరమున జరిగిన ఒక ఎన్నిక ఈ విషయమును చక్కగా తెలుపుచున్నది. ఆ దేశపు రాజధానికిని వాషింగ్టను అనియే పేరు. కాని ఆ నగరము వేరు, ఈ రాష్ట్రము వేరు. ఈ రాష్ట్రము దేశమునకు వాయవ్యమూలను, పసిఫిక్ మహాసముద్రము నానుకొనియున్నది. ఒలింపియా దీని ముఖ్యపట్టణము. సియాటిల్ దీనిలో అన్నిటికంటె పెద్ద నగరము. రాష్ట్రమునందు 39 కౌంటీలు కలవు. కౌంటీ యనగా ఇంచుమించు మన జిల్లా వంటిది. సియాటిల్ నగరము కింగ్ కౌంటీలో నున్నది.

మన దేశమున శాసనసభలకును పార్లమెంటునకును జరుగు ఎన్నికలను ఎన్నికల సంఘము నడపును. వాషింగ్టను రాష్ట్రమున ఏర్పాటు వేరు. రాష్ట్ర కార్యదర్శి యను అధికారి పైనుండి పర్యవేక్షించును గాని, ఓట్లను స్వీకరించుట, భద్రపరచుట, లెక్కించుట అను పనులన్నియు కౌంటీ ఎన్నికల కార్యాలయములే చేయును. చాల కౌంటీలలో ఆడిటరు అను అధికారి ఈ కార్యాలయమునకు పెద్ద. లెక్క ముగిసిన పిమ్మట ముగ్గురు సభ్యులు గల ఒక సంఘము కూర్చుండి, సందేహములున్న ఓటు పత్రములను పరీక్షించి, తుది సంఖ్యలను నిర్ణయించి సంతకములు చేయును. ఎన్నికల అధికారియు, కౌంటీ న్యాయవాదియు, కౌంటీ పాలకమండలి అధ్యక్షుడును, లేక వారు నియమించిన ప్రతినిధులును ఇందు సభ్యులు. దీనిని గణన పరిశీలక సంఘమని పిలువవచ్చును.

2004వ సంవత్సరము నవంబరు 2వ తేదీన ఈ రాష్ట్రమున గవర్నరు పదవికి ఎన్నిక జరిగెను. అక్కడి గవర్నరు మన గవర్నరువలె నియమింపబడువాడు కాడు. ప్రజలచే నేరుగా ఎన్నుకొనబడి, మన ముఖ్యమంత్రివలె పరిపాలన సాగించును. డెమొక్రటిక్ పార్టీ పక్షమున క్రిస్టీన్ గ్రెగ్వార్ అను మహిళయు, రిపబ్లికన్ పార్టీ పక్షమున డైనో రాసీయు పోటీచేసిరి. పోలైన ఓట్లు 28 లక్షలకు పైగా నుండెను. కౌంటీలన్నియు లెక్క ముగించి చూడగా రాసీకి 13,71,414 ఓట్లును, గ్రెగ్వార్‌కు 13,71,153 ఓట్లును వచ్చినట్లు తేలెను. రాసీకి కలిగిన ఆధిక్యము 261 ఓట్లు మాత్రమే.

ఇంత స్వల్పమైన తేడా వచ్చినప్పుడు ఎవరును అడుగనక్కరలేకయే మరల లెక్కింపవలెనని ఆ రాష్ట్రపు చట్టము విధించుచున్నది. తేడా 2,000 ఓట్లకు లోబడియు, ఆ ఇద్దరి ఓట్ల మొత్తములో నూటికి అర వంతుకు లోబడియు నున్నచో యంత్రములతో రెండవమారు లెక్కింపవలెను. ఈ లెక్కకగు వ్యయమును అభ్యర్థుల నుండి వసూలు చేయరు, ప్రజాధనమునుండియే చెల్లింతురు. లెక్కలో సందేహము సహజముగా కలుగునంత చిన్న తేడా వచ్చినప్పుడు ఆ సందేహమును తీర్చుట ప్రభుత్వ ధర్మమే యని చట్టము భావించినది.

ఒకే పత్రములను ఒకే యంత్రములతో రెండుమారులు లెక్కించినచో ఫలితము మారునా యని ఎవరికైనను తోచవచ్చును. మారునని అనుభవము చెప్పుచున్నది. ఓటరు తనకు నచ్చిన అభ్యర్థి పేరు ప్రక్కనున్న గడిని సిరాతో పూర్తిగా నింపవలెను. కాని కొందరు గడిలో చిన్న గీత మాత్రము గీయుదురు. కొందరు పేరు చుట్టును సున్న చుట్టుదురు. కొందరు పలుచని సిరాను వాడుదురు. కాగితము నలిగియుండవచ్చును, చిరిగియుండవచ్చును. ఒకమారు యంత్రము చదువని గుర్తును మరియొకమారు చదువవచ్చును. మొదటిమారు లెక్కకు రాక ఒక పెట్టెలోనో సంచిలోనో మిగిలిపోయిన పత్రములు రెండవమారు బయటపడవచ్చును. లక్ష పత్రములలో ఇట్టివి కొన్ని మాత్రమే యుండును. తేడా వేలలో నున్నప్పుడు వాటివలన ఏమియు మారదు. తేడా పదులలోను వందలలోను ఉన్నప్పుడు అవియే ఫలితమును నిర్ణయించును.

రెండవ లెక్క ముగియునప్పటికి రాసీకి 13,72,484 ఓట్లును, గ్రెగ్వార్‌కు 13,72,442 ఓట్లును ఉండెను. ఇరువురికిని ఓట్లు పెరిగినవి. కాని తేడా 261 నుండి 42కు దిగినది. నవంబరు 30వ తేదీన రాష్ట్ర కార్యదర్శి ఈ లెక్కను ధ్రువీకరించెను.

ఇంకను సందేహము తీరనివారికి చట్టము మరియొక మార్గము చూపినది. యంత్రములను విడిచి, పత్రములన్నిటిని చేతితో లెక్కింపుడని అభ్యర్థి గాని అతని పార్టీ గాని కోరవచ్చును. అయితే ఈ కోరిక ఊరక చెల్లదు. దరఖాస్తుతో పాటు పత్రమొక్కింటికి 25 సెంట్ల చొప్పున, అనగా పావు డాలరు చొప్పున, ధరావతు చెల్లింపవలెను. పావు డాలరు స్వల్పమే. కాని పత్రములు 28 లక్షలకు మించినప్పుడు మొత్తము స్వల్పము కాదు. డెమొక్రటిక్ పార్టీ విరాళములు పోగుచేసి, 2004 డిసెంబరు 3వ తేదీన సుమారు 7,30,000 డాలర్లు చెల్లించి, రాష్ట్రమంతటను చేతితో లెక్కింపవలెనని కోరెను.

ఈ ధరావతు వెనుకనున్న న్యాయము గమనింపదగినది. మరల లెక్కించిన పిమ్మట ఫలితము మారనిచో కౌంటీలకైన ఖర్చును ఆ ధరావతునుండి తీసికొందురు. ఖర్చు అంతకు మించినచో కోరినవారే మిగిలినది చెల్లింపవలెను. ఫలితము మారినచో వారినుండి ఏమియు పుచ్చుకొనక ధరావతును పూర్తిగా తిరిగి యిత్తురు. మొదటి లెక్కలో తప్పు ఉండెనని తేలినప్పుడు, ఆ తప్పును చూపినవానికి దండుగ విధించుట న్యాయము కాదు గదా! తప్పు లేదని తేలినచో, ఉత్తసందేహముతో ప్రజల సొమ్మును ఖర్చుపెట్టించుటయు న్యాయము కాదు. కొన్ని కౌంటీలలో మాత్రమే లెక్కింపుమని కోరుటకును చట్టమున వీలు కలదు. అట్లు లెక్కించినప్పుడు ఫలితము తారుమారైనచో, మిగిలిన కౌంటీలలో కూడ ప్రభుత్వ వ్యయముతో లెక్కింపవలసినదే. తనకు అనుకూలమైన చోట్ల మాత్రము లెక్కింపజేసికొని గెలుపొందుటకు ఎవరికిని అవకాశము లేకుండుటకే ఈ నిబంధన.

చేతితో లెక్కించుట ఎంతటి పనియో ఊహింపవచ్చును. విశాలమైన గదులు కావలెను, బల్లలు కావలెను, తాత్కాలికముగా పనిచేయుటకు వందలకొలది మనుష్యులు కావలెను. వారికి తర్ఫీదు ఇయ్యవలెను, కూలి చెల్లింపవలెను. పత్రములున్న పెట్టెలకు రేయింబవళ్లు కాపలా పెట్టవలెను. ఒక పెట్టె సీలు తీసినప్పుడు దానిలోని పత్రములు ఎన్నియో, లెక్క ముగిసి మరల సీలు వేసినప్పుడు ఎన్నియో వ్రాసి ఉంచవలెను. ఈ పని సాగుచున్నంతసేపు పార్టీల పక్షమున వచ్చిన పరిశీలకులు దగ్గర నిలిచి చూచుచుందురు. వారు చూడవచ్చును, అభ్యంతరము తెలుపవచ్చును. పత్రమును మాత్రము తాకరాదు. సందేహము కలిగిన పత్రమును ప్రక్కకు తీసి గణన పరిశీలక సంఘము ముందుంచుదురు. సంఘము అందరి యెదుట దానిని పరీక్షించి ఓటరు ఉద్దేశమేమో నిర్ణయించును. వ్యయములో చాల భాగము ఈ జాగ్రత్తలకొరకే యగును. జాగ్రత్త తగ్గించినచో వ్యయము తగ్గును. కాని నమ్మకమును దానితోపాటే తగ్గిపోవును.

ఈ మూడవ లెక్క నడుచుచుండగా కింగ్ కౌంటీలో ఒక లోపము బయటపడెను. తపాలాలో వచ్చు ఓటు పత్రముల కవరుపై ఓటరు సంతకము చేయవలెను. ఆ సంతకమును కార్యాలయములోనున్న సంతకముతో పోల్చి చూచుదురు. 573 మంది సంతకములు కంప్యూటరులో కనబడకపోవుటచే వారి ఓట్లను సిబ్బంది తిరస్కరించిన వాటిలో చేర్చిరి. వారి సంతకములు నమోదు కాగితములపై ఉండునని వెదుకవలసియుండగా వెదుకలేదు. కౌంటీ మండలి అధ్యక్షుడైన లారీ ఫిలిప్సు తిరస్కరింపబడినవారి పట్టికలో తన పేరును చూచి విస్మయము చెందెను. అతడు నియమానుసారముగా ఓటు వేసి సంతకము చేసినవాడే. ఆరా తీయగా కార్యాలయము చేసిన పొరపాటు వెల్లడియైనది. తరువాత వెదుకగా అట్టి పత్రములు మరికొన్ని దొరికి మొత్తము 700కు మించినవి.

ఈ పత్రములను లెక్కలో చేర్చవచ్చునా యను వివాదము న్యాయస్థానమునకు పోయెను. మరల లెక్కించుట యనగా అదివరకు అంగీకరింపబడిన ఓట్లను తిరిగి లెక్కించుటయే గాని, తిరస్కరించిన ఓట్లన్నిటిని మరల విచారించుట కాదని రాష్ట్ర సుప్రీంకోర్టు అంతకు ముందే డిసెంబరు 14న డెమొక్రటిక్ పార్టీ వాదమును త్రోసిపుచ్చియుండెను. కాని కింగ్ కౌంటీ విషయము వేరు. ఇచ్చట ఓటరు తప్పు లేదు. కార్యాలయమే తన పనిలో పొరబడినది. తన పొరపాటు కనబడినప్పుడు దానిని దిద్దుకొను అధికారము గణన పరిశీలక సంఘమునకు కలదని అదే న్యాయస్థానము డిసెంబరు 22న ఏకగ్రీవముగా తీర్పు చెప్పెను. ఒక తీర్పు ఒక పార్టీకిని, రెండవ తీర్పు రెండవ పార్టీకిని నచ్చలేదు. అయినను రెండును చట్టమును అనుసరించియే వెలువడినవి.

పిమ్మట ఆ పత్రములను ఒక్కొక్కటిగా పరీక్షించి, సంతకములు సరిపోయిన వాటిని లెక్కలో చేర్చిరి. తుదకు గ్రెగ్వార్‌కు 13,73,361 ఓట్లును, రాసీకి 13,73,232 ఓట్లును వచ్చినవి. రెండుమారులు వెనుకబడిన గ్రెగ్వార్ మూడవమారు 129 ఓట్ల ఆధిక్యముతో గెలిచెను. డిసెంబరు 30వ తేదీన రాష్ట్ర కార్యదర్శి శామ్ రీడ్ ఈ ఫలితమును ధ్రువీకరించెను. ఆయన రిపబ్లికన్ పార్టీకి చెందినవాడు. ఓడినది ఆయన పార్టీ అభ్యర్థియే. అయినను లెక్క చూపినదానికే ఆయన సంతకము చేసెను. ఫలితము మారినందున డెమొక్రటిక్ పార్టీ చెల్లించిన ధరావతు తిరిగి వచ్చెను.

రాసీ పక్షమువారు ఎన్నిక చెల్లదని షెలాన్ కౌంటీ న్యాయస్థానమున దావా వేసిరి. నేరములకు శిక్షపడి ఓటుహక్కు కోల్పోయినవారు మొదలైన అనర్హులు అనేకులు ఓటు వేసిరనుట వారి వాదములలో నొకటి. న్యాయమూర్తి జాన్ బ్రిడ్జెస్ సాక్ష్యము విని 2005వ సంవత్సరము జూన్ 6వ తేదీన తీర్పు చెప్పెను. చెల్లని ఓట్లు 1,678 పడినట్లు ఆయన అంగీకరించెను. కాని ఆ ఓట్లు ఎవరికి పడినవో రుజువు లేదు. అవి ఫలానా ప్రాంతమున పడినవి గనుక ఫలానా అభ్యర్థికే పడియుండునని ఊహించి తీసివేయుటకు ఆయన ఒప్పుకొనలేదు. నలుగురు అనర్హులు తాము రాసీకి ఓటు వేసినట్లు ప్రమాణపూర్వకముగా చెప్పియుండుటచే ఆ నాలుగు ఓట్లు మాత్రము అతని లెక్కనుండి తగ్గింపబడినవి. అందుచే తేడా 129 నుండి 133కు పెరిగెను. ఆనాడే రాసీ తాను పై న్యాయస్థానమునకు పోనని ప్రకటించెను.

ఈ ఎన్నిక తరువాత రాష్ట్రపు చట్టములో మార్పులు వచ్చినవి. పూర్వము తేడా 150 ఓట్లకు లోబడినప్పుడే ప్రభుత్వ వ్యయముతో చేతిలెక్క జరిగెడిది. అదియు నూటికి పావు వంతుకు లోబడియుండవలెను. రాష్ట్రమంతటికిని సంబంధించిన పదవులకు ఇప్పుడు ఆ హద్దు 1,000 ఓట్లు. దీని ఫలము 2024వ సంవత్సరమున కనబడెను. ఆ రాష్ట్రమున ప్రభుత్వ భూముల కమిషనరు పదవికి ఆగస్టు నెలలో ప్రాథమిక ఎన్నిక జరిగెను. అందు మొదటి రెండు స్థానములు పొందినవారే నవంబరు ఎన్నికలో పోటీ చేయుదురు. రెండవ స్థానమునకు పోటీపడిన ఇద్దరి నడుమ తేడా 51 ఓట్లు మాత్రమే. 39 కౌంటీలును పత్రములన్నిటిని చేతితో లెక్కించినవి. తేడా 49గా తేలెను. ఎవరును ధరావతు కట్టవలసిన అవసరము లేకయే సందేహము తీరిపోయెను.

మన దేశమునందును ఇట్టి సందర్భములు లేకపోలేదు. 1989వ సంవత్సరపు లోక్‌సభ ఎన్నికలలో అనకాపల్లి నియోజకవర్గమున కొణతాల రామకృష్ణ కేవలము 9 ఓట్ల ఆధిక్యముతో గెలుపొందెను. 1961వ సంవత్సరపు ఎన్నికల నిర్వహణ నియమముల ప్రకారము, మొత్తము ఓట్లను ప్రకటించిన పిమ్మట, ఫలితము నిర్ణయింపకమునుపు, అభ్యర్థి గాని అతని ఏజంటు గాని కారణములు చూపుచు మరల లెక్కింపవలెనని వ్రాతమూలముగా కోరవచ్చును. దీనికి రుసుము లేదు. అయితే కోరినంతనే లెక్కింపరు. రిటర్నింగు అధికారి ఆ కారణములను పరిశీలించి, అంగీకరించినను నిరాకరించినను తన నిర్ణయమునకు హేతువులను వ్రాతలో చూపవలెను. ఫలితము ప్రకటింపబడిన పిమ్మట మిగిలిన మార్గము హైకోర్టు ఒక్కటియే. 45 దినములలో అక్కడ పిటిషను వేయవలెను. ఓటింగు యంత్రముల విషయమున 2024 ఏప్రిల్ 26న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో కూడ వాషింగ్టను చట్టమునందలి న్యాయము వంటిదే కనబడును. రెండవ, మూడవ స్థానములలో నిలిచిన అభ్యర్థులు కొన్ని యంత్రములను పరీక్షింపుమని కోరవచ్చును, ఖర్చు వారిదే, యంత్రములో మార్పుచేసినట్లు తేలినచో ఆ సొమ్ము తిరిగి వచ్చును.

మరల లెక్కించుటకు అయిన ధనము వృథా యని కొందరు తలతురు. ఫలితము మారనప్పుడు ఆ మాట మరింత సబబుగా తోచును. కాని ఆ ధనముతో కొన్నది క్రొత్త ఫలితము కాదు. ఓడినవాడును అంగీకరింపదగిన ఫలితము. ధరావతు మితిమీరి యున్నచో సందేహించు హక్కు ధనవంతుల కొక్కరికే దక్కును. ధరావతు ఏమియు లేక, కారణమును అడుగువారు లేకున్నచో, ఓడిన ప్రతివాడును లెక్కను సాగదీయుచునేయుండును. చిన్న తేడా వచ్చినప్పుడు ప్రజలందరును కలిసి వ్యయము భరించుట, పెద్ద తేడా ఉన్నప్పుడు కోరినవాడే ముందుగా సొమ్ము చెల్లించుట, అతని సందేహము నిజమైనచో ఆ సొమ్మును తిరిగి యిచ్చుట అను మూడు నియమములును ఈ రెండు చిక్కులకును నడుమ దారి చూపుచున్నవి. ఆ దారి నేర్పడిన పిమ్మట, పత్రములను ఓపికతో ఒక్కొక్కటిగా లెక్కించు కార్యాలయోద్యోగి చేతిలోనే ఓటు విలువ నిలిచియుండును.